డ్రాగ్ కారులో తేలికపాటి బ్యాటరీ బిగించడం ఎలా: ముందు ఆంపియర్లు, తర్వాత కిలోలు

నేను డాలస్ పరిసరాల్లో ఉంటాను. ఎన్నిస్ ఊరి దగ్గర టెక్సస్ మోటార్‌ప్లెక్స్ ఉంది. రెండేసి కార్లు నిలబడ్డ చోటు నుంచి తిన్నగా పరుగెత్తి పోటీపడే దారిని డ్రాగ్ స్ట్రిప్ అంటారు. 1986లో మొదలైన ఆ స్ట్రిప్‌లో క్వార్టర్ మైలు (402 మీటర్లు) పొడవునా కాంక్రీటే పరిచారు. సొంత కార్లతో అక్కడికి వచ్చే తెలుగు కుర్రాళ్లు కొందరు నాకు తెలుసు. బరువు తగ్గించే మాట వచ్చినప్పుడల్లా వాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "అన్నా, ఏ లిథియం బ్యాటరీ కొనమంటారు?" నేను ఇచ్చే జవాబు కూడా ఎప్పుడూ ఒకటే: "ముందు నీ కారు ఎన్ని ఆంపియర్లు తీసుకుంటుందో కొలిచి చెప్పు, తర్వాత బ్యాటరీ సంగతి చూద్దాం."

ఈ వ్యాసం ఆ జవాబుకు వివరణ. మామూలు వీ8 కారులో సీసం బ్యాటరీ 16 నుంచి 22 కిలోలు తూగుతుంది. గడ్డకట్టే చలిలో ఇంజిన్‌ను తిప్పడానికి, ఇంజిన్ నడిచేటప్పుడు కరెంటు తయారుచేసే ఆల్టర్నేటర్ చెడిపోయినా ఇల్లు చేర్చడానికి, వారాల తరబడి కదలకపోయినా దిగిపోకుండా ఉండటానికి అంత సీసం పెడతారు. 402 మీటర్లు పరుగెత్తడానికి అంత అక్కర్లేదు. ఎంత అక్కర్లేదో తేల్చుకున్నాకే స్పానర్ చేతికి తీసుకోవాలి.

మొదటి పని: లాభం ఎంతో లెక్క వేసుకోండి

స్ట్రిప్ దగ్గర ఏళ్లుగా నడుస్తున్న లెక్క ఒకటుంది. 100 పౌండ్లు, అంటే 45 కిలోలు తగ్గితే క్వార్టర్ మైలు సమయం సెకనులో పదో వంతు తగ్గుతుంది. పరుగు సమయం బరువును హార్స్‌పవర్‌తో భాగిస్తే వచ్చే సంఖ్య ఘనమూలాన్ని బట్టి మారుతుంది. అందువల్ల బరువు ఎంత శాతం తగ్గితే సమయం అందులో మూడో వంతు శాతం తగ్గుతుంది.

మీ కారు డ్రైవరుతో కలిపి 1,590 కిలోలు, చక్రాల దగ్గర 450 హార్స్‌పవర్, సమయం 11.54 సెకన్లు అనుకుందాం. 18 కిలోల బ్యాటరీ తీసి నాలుగున్నర కిలోలది పెట్టారు. తగ్గింది 13.5 కిలోలు, అంటే 0.85 శాతం. సమయం 0.28 శాతం తగ్గి 11.51 అవుతుంది. సెకనులో వందో వంతులు మూడు.

ఇది చిన్నదిగా కనిపించవచ్చు. కానీ గీత దాటేటప్పుడు ఆ కారు గంటకు 190 కిలోమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. ఆ వేగంలో ఆ మూడు వందో వంతులు మీటరున్నర దూరం. పక్క లేన్‌లోని కారు మీకంటే బానెట్ పొడవు ముందుండి గెలిచిన రాత్రి ఆ మీటరున్నర విలువ తెలుస్తుంది.

అయితే మీరు ఆడే ఆట ఏమిటో కూడా చూసుకోండి. బ్రాకెట్ రేసింగ్‌లో మీ సమయాన్ని మీరే ముందుగా ప్రకటించి దానికి దగ్గరగా పరుగెత్తాలి. అక్కడ మూడు వందో వంతుల వేగం కంటే ప్రతి పరుగూ ఒకేలా ఉండటం ముఖ్యం. వోల్టేజీ ఊగిసలాడే చిన్న బ్యాటరీ అక్కడ మేలు కంటే కీడే చేస్తుంది. కనీస బరువు నిబంధన ఉన్న తరగతిలో మీరు ఇప్పటికే ఆ అంచున ఉంటే, బ్యాటరీలో తగ్గించిన కిలోలను దిమ్మెల రూపంలో తిరిగి పెట్టాల్సి వస్తుంది. అందులోనూ లాభం ఉంది, ఎందుకంటే ఆ దిమ్మెలను మీకు కావలసిన చోట పెట్టుకోవచ్చు. లాభం ఎక్కడిదో తెలిసి చేయాలి, అంతే.

రెండో పని: ఊరికే తీసేయగలిగిన బరువు తీసేయండి

స్టెప్నీ చక్రం, జాకీ, డిక్కీలో పేరుకున్న సామాన్లు, తరగతి నిబంధనలు ఒప్పుకుంటే వెనుక సీటు. వీటిని తీయడానికి పైసా ఖర్చు లేదు. పెట్రోలు లీటరు ముప్పావు కిలో తూగుతుంది. ట్యాంకులో 30 లీటర్లు తక్కువ పోయించుకుంటే 22 కిలోలు పోయినట్టే. అయితే పంపు గాలి పీల్చేంత అడుగంటనివ్వకండి. ఇవన్నీ చేశాకే బ్యాటరీకి డబ్బు పెట్టండి.

తేలికదనం ఖరీదు ఎంత ఉండగలదో చెప్పే ఉదాహరణ పోర్షేది. 2010 మోడల్ 911 జీటీ3, జీటీ3 ఆర్‌ఎస్, బాక్‌స్టర్ స్పైడర్ కార్లకు ఆ కంపెనీ లిథియం స్టార్టర్ బ్యాటరీని అదనపు సదుపాయంగా అమ్మింది. ఆరు కిలోల లోపు బరువు, మామూలు దానికంటే 10 కిలోలు తక్కువ. జర్మనీలో ధర 1,904 యూరోలు. అంటే తగ్గిన ఒక్కో కిలోకు 190 యూరోలు. ఇప్పుడు ధరలు అలా లేవు. కానీ ఆ అమ్మకంలో నేను నేర్చుకున్నది వేరే ఉంది: లిథియం బ్యాటరీతో పాటు మామూలు సీసం బ్యాటరీని కూడా పోర్షే చేతికిచ్చేది. చలికాలంలో దాన్ని బిగించుకోమని. తయారు చేసిన వాళ్లకే తమ బ్యాటరీ హద్దు తెలుసు. ఆ పద్ధతి మనకూ పనికొస్తుంది, కింద చెబుతాను.

మూడో పని: ఆంపియర్లు కొలవండి

ఈ వ్యాసంలో ఒక్క భాగమే చదువుతానంటే ఇది చదవండి. బ్యాటరీకి మూడు పనులు: ఇంజిన్‌ను తిప్పడం, ఆల్టర్నేటర్ చాలనప్పుడు లోటు పూడ్చడం, కారు నిలబడి ఉన్నప్పుడు కొద్దికొద్దిగా జారే కరెంటును భరించడం. మూడింటినీ విడివిడిగా కొలవాలి.

దానికి డీసీ కరెంటు చదివే క్లాంప్ మీటర్ కావాలి. చవక క్లాంప్ మీటర్లు చాలావరకు ఏసీని మాత్రమే చదువుతాయి, కొనేటప్పుడు చూసుకోండి. గరిష్ఠ విలువను పట్టి ఉంచే సదుపాయం కూడా ఉండాలి.

మొదట సెల్ఫ్ మోటార్. పాత బ్యాటరీ ఉండగానే, దాని కేబుల్ చుట్టూ క్లాంప్ వేసి ఇంజిన్ స్టార్ట్ చేయండి. వీ8 అయితే తిరిగేటప్పుడు 150 నుంచి 250 ఆంపియర్లు, కదిలే క్షణంలో అంతకు చాలా ఎక్కువ కనిపిస్తుంది. ఈ కొలత చల్లటి ఇంజిన్‌తో ఒకసారి, ఒక పరుగు పూర్తయి పది నిమిషాలు వేడిలో ఉడికాక ఇంకోసారి తీసుకోండి. రెండోదే అసలు పరీక్ష. వేడెక్కిన సెల్ఫ్ మోటార్ ఎక్కువ కరెంటు లాగుతుంది, కంప్రెషన్ ఎక్కువగా ఉన్న ఇంజిన్ మొండికేస్తుంది. గ్యారేజీలో గలగలా తిరిగిన కారు, పరుగు కోసం వరుసలో ఆగే స్టేజింగ్ లేన్‌లో ఊపిరి బిగబట్టేది అందుకే. ఇంజిన్ తిరుగుతున్నంతసేపూ బ్యాటరీ గుబ్బల మధ్య వోల్టేజీ 10కి పైన ఉంటే నిశ్చింత. అంతకంటే బాగా కిందికి పడితే ఇంజిన్ కంప్యూటర్ మధ్యలో ఆగిపోయి మళ్లీ మొదలయ్యే ప్రమాదం ఉంటుంది.

తర్వాత నడిచేటప్పటి ఖర్చు. ఫ్యూయల్ పంపు, రేడియేటర్ ఫ్యాన్లు, ఇగ్నిషన్, నీటి పంపు కరెంటుదైతే అది, ఇంజిన్‌లోకి నైట్రస్ వాయువును వదిలే సోలెనాయిడ్లు (కరెంటు కవాటాలు), స్టార్ట్ దాకా కారును కదలకుండా పట్టి ఉంచే ట్రాన్స్‌బ్రేక్ సోలెనాయిడ్. ఒక్కోదాన్ని ఆన్ చేసి రాసుకోండి. ఉదాహరణకు మొత్తం 50 ఆంపియర్లు వచ్చిందనుకోండి. స్టార్ట్ చేసిన దగ్గర నుంచి బర్న్‌అవుట్ (టైర్లు వేడెక్కేలా చక్రాలను నిలిచిన చోటే తిప్పడం), పరుగు, తిరుగు దారి కలిపి ఐదు నిమిషాలు. ఆల్టర్నేటర్ లేకపోతే ఖర్చు 4.2 ఆంపియర్-అవర్లు (ఆంపియర్లను గంటలతో గుణిస్తే వచ్చేది). రెండు పరుగుల మధ్య ఇంజిన్ ఆపి, 30 ఆంపియర్ల ఫ్యాన్లను 20 నిమిషాలు తిప్పారా, ఇంకో 10 ఆంపియర్-అవర్లు పోయాయి. ఒక్క రౌండుకే 14 దాటింది. 16 ఆంపియర్-అవర్ల చిన్న బ్యాటరీతో రెండో రౌండుకు మీరు ఉండరు. ఆల్టర్నేటర్ ఉండి, ఫ్యాన్లు ఆగినప్పుడు తిరగకపోతే మాత్రం అదే చిన్న బ్యాటరీ రాత్రంతా నడుపుతుంది.

ఇక్కడ ఇంకో సంగతి గట్టిగా చెప్పాలి. వోల్టేజీ తగ్గితే ఫ్యూయల్ పంపు తక్కువ పెట్రోలు తోస్తుంది. 13.5 వోల్టుల దగ్గర చాలిన పంపు 12 దగ్గర చాలకపోవచ్చు. టర్బో ఇంజిన్ పూర్తి ఒత్తిడిలో ఉన్నప్పుడు పెట్రోలు తగ్గిందంటే మిశ్రమం పలచబడి పిస్టన్లు కరుగుతాయి. పదమూడు కిలోల కోసం ఇంజిన్ పోగొట్టుకోకూడదు. మీ డేటా లాగర్‌లో వోల్టేజీని తప్పకుండా చేర్చండి. లాగర్ లేకపోతే, కారు ఆగి ఉండగా ఫ్యాన్లు, పంపు, లైట్లు అన్నీ వేసి, ఇంజిన్ వేగం పెంచి మల్టీమీటర్‌తో చూడండి. 13.5కి పైన నిలబడితే ఆల్టర్నేటర్ భారం మోస్తున్నట్టు. నిలబడకపోతే ముందు ఆల్టర్నేటర్ సంగతి చూడండి, బ్యాటరీ జోలికి వెళ్లకండి.

చివరిది, నిలబడి ఉన్నప్పటి జారుడు. తలుపులు మూసి, తాళం వేసి, అరగంటకు పైగా ఆగాక కొలవండి. ఈ కాలపు కార్లలో 30 నుంచి 50 మిల్లీ ఆంపియర్లు మామూలే. 50 అంటే రోజుకు 1.2 ఆంపియర్-అవర్లు. 16 ఆంపియర్-అవర్ల బ్యాటరీ రెండు వారాల్లో ఖాళీ. నేను మొదటిసారి చిన్న బ్యాటరీ బిగించిన ఉత్సాహంలో ఈ లెక్క చూడలేదు. కారును విమానాశ్రయంలో వదిలి ఊరికి వెళ్లి, పదమూడో రోజున తిరిగి వచ్చేసరికి తలుపు కూడా తెరుచుకోలేదు.

నాలుగో పని: ఎక్కడ ఉండాలో తేల్చుకోండి

బరువు ఎంత అన్నంత ముఖ్యమైనది ఆ బరువు ఎక్కడ అన్నది. వెనుక చక్రాలతో నడిచే కారుకు స్టార్ట్‌లో పట్టు కావాలి. ముందు ఇరుసు మీద ఉన్న 18 కిలోల బ్యాటరీని తీసి, 2.7 మీటర్ల వీల్‌బేస్ ఉన్న కారులో వెనుక ఇరుసుకు 30 సెంటీమీటర్ల అవతల పెడితే ముందు చక్రాల మీద 20 కిలోలు తగ్గి వెనుక చక్రాల మీద 20 కిలోలు పెరుగుతాయి. మొత్తం బరువు మారలేదు, కానీ టైరు నేలను గట్టిగా పట్టుకుంటుంది. చక్రాలు తిరిగిపోతున్న కారుకు మొదటి 60 అడుగులు దాటే సమయంలో ఇది ఇచ్చేది, తేలిక బ్యాటరీ ఇచ్చేదాని కంటే ఎక్కువ కావచ్చు.

అది కూడా కుడి వెనుక చక్రం వైపే పెడతారు. పాత ఫాక్స్ బాడీ ఫోర్డ్ మస్టాంగ్‌లాంటి ఒకే బిగి ఇరుసు ఉన్న కార్లలో, డ్రైవ్‌షాఫ్ట్ మెలి తిరిగే బలం కుడి వెనుక టైరును నేల మీద నుంచి లేపాలని చూస్తుంది. అక్కడ ఉన్న బరువు దాన్ని అదిమి పెడుతుంది.

మరి ఏది చేయాలి? నా అభిప్రాయం సూటిగా చెబుతాను. వెనుక చక్రాల కారు, పట్టు చాలడం లేదు, బ్యాటరీ బరువైనదే అయితే: అదే బ్యాటరీని వెనక్కి మార్చండి. పట్టు బాగానే ఉంది, ఇక వేగమే కావాలి: ఉన్న చోటే తేలికది పెట్టండి. ముందు చక్రాలతో నడిచే కారైతే వెనక్కి మార్చే ఆలోచనే వద్దు, పట్టు కావలసిన చోటు నుంచి బరువు తీసేసినట్టవుతుంది.

వెనక్కి మార్చడంలో దాగి ఉన్న బరువు కేబుల్‌ది. 53 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్, అమెరికా కొలతలో 1/0 గేజ్, ఐదు మీటర్లు వేస్తే రాగి ఒక్కటే 2.4 కిలోలు, పైతొడుగుతో మూడుకు దగ్గర. 200 ఆంపియర్లు లాగినప్పుడు దానిలో పోయేది మూడో వంతు వోల్టు. సన్నటి 33 చదరపు మిల్లీమీటర్ల కేబుల్ వేస్తే కిలో దాకా మిగులుతుంది, కానీ అర వోల్టు పోతుంది. సెల్ఫ్ మోటార్‌కు అర వోల్టు చిన్న విషయం కాదు. లావు కేబులే వేయండి.

ఐదో పని: బ్యాటరీ ఎంచుకోండి

మన వైపు బ్యాటరీ కొనేటప్పుడు చూసేది ఆంపియర్-అవర్లు. తిరుపతి దగ్గర కరకంబాడిలో తయారయ్యే అమరాన్ బ్యాటరీ కొన్న ఎవరినడిగినా "35" అనో "65" అనో ఆ సంఖ్యే చెబుతారు. అమెరికాలో దుకాణాలు సీసీఏ (కోల్డ్ క్రాంకింగ్ ఆంప్స్) చెబుతాయి: సున్నా కింద 18 డిగ్రీల సెల్సియస్ చలిలో 30 సెకన్ల పాటు, వోల్టేజీ 7.2 కంటే పడకుండా ఇవ్వగలిగే కరెంటు. డ్రాగ్ కారుకు రెండూ కావాలి. సీసీఏ సెల్ఫ్ కోసం, ఆంపియర్-అవర్లు ఓపిక కోసం.

మీ ముందు ఉన్న దారులు మూడు. మొదటిది చిన్న ఏజీఎం. ఇదీ సీసమే, కానీ ఆమ్లాన్ని గాజు పీచు పొరల్లో ఇంకించి మూసేస్తారు. ఒలకదు. లోపలి నిరోధం తక్కువ కాబట్టి సైజుకు మించి కరెంటు ఇస్తుంది. ఈ రకంలో బాగా పేరున్న ఒడిస్సీ పీసీ680 బరువు ఏడు కిలోలు, సామర్థ్యం 16 ఆంపియర్-అవర్లు. మామూలు ఛార్జింగ్ వ్యవస్థతో ఏ గొడవా లేకుండా కలిసిపోతుంది. మొదటిసారి మారుస్తున్న వాళ్లకు నేను చెప్పేది ఇదే. 18 నుంచి ఏడుకు దిగడంతోనే 11 కిలోలు పోయాయి. లిథియం దాని మీద ఇంకో రెండున్నర, మూడు కిలోలు మాత్రమే తగ్గిస్తుంది.

రెండోది లిథియం. ఇక్కడ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అని స్పష్టంగా రాసి ఉన్నది తప్ప మరొకటి కొనకండి. ఒక్కో సెల్ 3.2 వోల్టులు, నాలుగు కలిస్తే 12.8. పూర్తిగా నిండటానికి 14.6 వోల్టులు. కారు ఆల్టర్నేటర్ ఇచ్చే 13.8-14.6కి ఇది సరిగ్గా అతుకుతుంది. బొమ్మ విమానాలకు వాడే లిథియం పాలిమర్ సెల్స్ మూడు కలిపితే 12.6 దగ్గరే నిండిపోతాయి, ఆల్టర్నేటర్ వాటిని మితిమీరి నింపి నిప్పంటిస్తుంది. ఎవరో కట్టి ఇచ్చిన ప్యాక్‌ను కారులో పెట్టకండి.

లిథియం డబ్బా మీద ఒక మాట జాగ్రత్తగా చదవండి: "సీసంతో సమానమైన" ఆంపియర్-అవర్లు. కొందరు తయారీదారులు అసలు సామర్థ్యానికి సుమారు మూడు రెట్లు వేసి ఆ సంఖ్య రాస్తారు. సెల్ఫ్ తిప్పే బలం వరకు ఆ పోలికలో కొంత అర్థం ఉంది. ఓపిక విషయంలో లేదు. 24 అని రాసి ఉన్న దాంట్లో నిజంగా ఉన్నది ఎనిమిదే అయితే, ఫ్యాన్లను తిప్పేది ఆ ఎనిమిదే. అసలు సంఖ్య చెప్పని వాళ్ల దగ్గర కొనకండి.

లిథియానికి చలి పడదు. సున్నా డిగ్రీల కంటే తక్కువలో ఛార్జ్ చేస్తే లోపల లిథియం లోహం పొరగా పేరుకుని సెల్ శాశ్వతంగా చెడిపోతుంది. చలిగా ఉన్నప్పుడు కరెంటు ఇవ్వడానికీ మొరాయిస్తుంది. ఒక డిసెంబరు రాత్రి లేన్‌లో నా కారు సెల్ఫ్ టక్కుమని ఆగిపోయింది. ఇంకోసారి నొక్కినా అంతే. పిలుపు వచ్చి వెళ్లిపోయింది. తర్వాత ఒక పెద్దాయన వచ్చి హెడ్‌లైట్లు వేసి రెండు నిమిషాలు ఉంచమన్నారు. ఆ చిన్న భారంతో సెల్స్ లోపలి నుంచి కాస్త వేడెక్కాయి, మూడోసారి ఇంజిన్ లేచింది. అప్పటి నుంచి చలి రాత్రుల్లో నేను ముందే లైట్లు వేసి ఉంచుతాను.

లిథియం బ్యాటరీ లోపల రక్షణ సర్క్యూట్ ఉండాలి. లేనిది వద్దు. అది ఉన్నా ఒక చిక్కు ఉంది: ఇంజిన్ నడుస్తుండగా ఆ సర్క్యూట్ బ్యాటరీని తెంచేస్తే, ఆల్టర్నేటర్ వోల్టేజీ ఒక్కసారిగా ఎగసి కంప్యూటర్‌ను కాల్చవచ్చు. 15 వోల్టులు దాటించే పాత రెగ్యులేటర్ ఉంటే ముందు దాన్ని మార్చండి. దిగిపోయిన లిథియం బ్యాటరీ ఉన్న కారును మరో కారు బ్యాటరీతో తీగ కలిపి లేపి, ఆల్టర్నేటర్‌తో నింపుదామనుకోకండి. అది ఆబగా కరెంటు లాగి ఆల్టర్నేటర్‌ను మాడుస్తుంది.

మూడోది 16 వోల్టుల బ్యాటరీ. ఆల్టర్నేటర్ పూర్తిగా తీసేసిన అసలు సిసలు రేసు కార్లకు ఇది. ఆరు సెల్స్ బదులు ఎనిమిది ఉంటాయి. వోల్టేజీ పడినా పంపుకూ ఇగ్నిషన్‌కూ చాలినంత మిగులుతుంది. దాని ఛార్జర్ వేరు, మామూలు ఛార్జర్ దాన్ని నింపలేదు. మీరు కారులో ఆఫీసుకు కూడా వెళ్తుంటే ఇది మీకు కాదు.

మన దేశంలో, లోనావాలా దగ్గర ఆంబీ వ్యాలీ రన్‌వే మీద జరిగే డ్రాగ్ పోటీ ది వ్యాలీ రన్‌కు కారు సిద్ధం చేసేవారికి రెండు మాటలు. చిన్న పెట్రోలు హ్యాచ్‌బ్యాక్ బ్యాటరీ అసలే సుమారు 10 కిలోలు, కాబట్టి మిగిలేది తక్కువ. డీజిల్ కారైతే కంప్రెషన్ ఎక్కువ, సెల్ఫ్‌కు కావలసిన కరెంటు ఎక్కువ. దాంట్లో చిన్న బ్యాటరీ ప్రయోగం చేయకండి.

ఆరో పని: బిగించండి

ఉంగరాలు, కడియాలు తీసేయండి. విప్పేటప్పుడు నెగటివ్ ముందు, బిగించేటప్పుడు పాజిటివ్ ముందు.

చిన్న బ్యాటరీని పాత పళ్లెంలో పెట్టి స్పాంజీ ముక్కలు కుక్కి సరిపెట్టకండి. 60 అడుగులను ఒకటిన్నర సెకన్లలో దాటే కారు ఆ దూరంలో సగటున గురుత్వాకర్షణకు ఒకటిన్నర రెట్లకు పైగా త్వరణం పొందుతుంది. గోడను తాకితే ఆ బలం ఎన్నో రెట్లు. దాని కొలతకు చేసిన అల్యూమినియం లేదా స్టీలు పట్టీ వాడండి. ఎగ్జాస్ట్ హెడర్లకు, టర్బోకు దూరంగా ఉంచండి.

చిన్న బ్యాటరీలకు గుబ్బల బదులు సన్నటి బోల్టులు ఉంటాయి. ఇత్తడి అడాప్టర్లు వేసి, తయారీదారు చెప్పిన టార్క్‌కే బిగించండి. వదులైన లగ్గు (కేబుల్ చివరి లోహపు కొన) వేడెక్కుతుంది, అతిగా బిగిస్తే మర పోతుంది. లగ్గులను సుత్తితో నలగ్గొట్టకుండా హైడ్రాలిక్ క్రింపర్‌తో నొక్కించండి.

డిక్కీలోకి మారుస్తుంటే అమెరికా డ్రాగ్ రేసుల సంస్థ ఎన్‌హెచ్‌ఆర్‌ఏ (నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్) నియమాలు మీకు కొలమానం. 1951లో మొదలైన ఆ సంస్థ నియమాలనే అమెరికాలోని చాలా స్ట్రిప్‌లు పాటిస్తాయి. బ్యాటరీ డ్రైవరు, ప్రయాణికులు కూర్చునే భాగంలో ఉండకూడదు. చోటు మార్చిన బ్యాటరీని లోహపు పట్టీలతో, కనీసం అంగుళంలో ఎనిమిదింట మూడు వంతుల మందం ఉన్న బోల్టులతో బిగించాలి. చిల్లుల రేకు పట్టీలు పనికిరావు. డిక్కీకీ డ్రైవరుకూ మధ్య 0.024 అంగుళాల స్టీలు రేకు లేదా 0.032 అంగుళాల అల్యూమినియం రేకు అడ్డు ఉండాలి. లేదా అంతే మందం రేకుతో చేసి, గాలి బయటికి పోయే గొట్టం ఉన్న మూసిన పెట్టెలో బ్యాటరీని ఉంచాలి. లిథియం గురించి మీ తరగతికి ఏ షరతులున్నాయో ఈ ఏడాది నియమావళిలో చదివి, అనుమానం ఉంటే తనిఖీ అధికారిని కొనకముందే అడగండి.

కేబుల్ రేకులోంచి వెళ్లే ప్రతి రంధ్రానికీ రబ్బరు గ్రామెట్ వేయండి. కారు కింద నుంచి వేస్తే ఎగ్జాస్ట్‌కూ డ్రైవ్‌షాఫ్ట్‌కూ దూరంగా, అడుగుకో క్లిప్పు చొప్పున కట్టండి. ఒరుసుకుపోయిన పాజిటివ్ కేబుల్ రేకును తాకిందంటే మంట తప్పదు. ఎర్త్ కేబుల్‌ను రంగు గీకిన దిట్టమైన ఛాసిస్ భాగానికి బిగించి, ఇంజిన్ నుంచి ఛాసిస్‌కు ఇంకో లావు పట్టీ వేయండి. వెనక్కి మార్చాక సెల్ఫ్ బద్ధకంగా తిరుగుతోందని బాధపడేవారిలో చాలామందికి లోపం బ్యాటరీలో ఉండదు, ఈ ఎర్త్‌లో ఉంటుంది.

ఏడో పని: కటాఫ్ స్విచ్, దాంతో వచ్చే చిక్కు

బ్యాటరీ చోటు మారిస్తే కారు వెనుక భాగంలో, బయటి నుంచి అందేలా మాస్టర్ కటాఫ్ స్విచ్ తప్పనిసరి. పాజిటివ్ వైపే ఉండాలి. నొక్కే రకమైతే నొక్కితే ఆగిపోవాలి, ఆ సంగతి దాని మీద స్పష్టంగా రాసి ఉండాలి. ప్లాస్టిక్‌వి, తాళంచెవితో పనిచేసేవి ఒప్పుకోరు. దాన్ని ఆపితే నడుస్తున్న ఇంజిన్ కూడా ఆగిపోవాలి.

చాలామంది తనిఖీలో ఇక్కడే వెనక్కి వస్తారు. స్విచ్ బ్యాటరీని తెంచుతుంది, కానీ ఆల్టర్నేటర్ ఇంకా తిరుగుతూ ఇగ్నిషన్‌కు కరెంటు ఇస్తూనే ఉంటుంది. ఇంజిన్ హాయిగా నడుస్తూనే ఉంటుంది. దీనికి సులువైన పరిష్కారం ఆల్టర్నేటర్ నుంచి వచ్చే ఛార్జింగ్ తీగను కారు వైపు కాకుండా స్విచ్‌కు బ్యాటరీ వైపున ఉన్న కొనకు విడిగా తెచ్చి కలపడం. అప్పుడు స్విచ్ ఆపితే బ్యాటరీ, ఆల్టర్నేటర్ రెండూ ఒక పక్క, కారంతా మరో పక్క అవుతాయి. ఆ తీగలో ఎప్పుడూ కరెంటు ఉంటుంది కాబట్టి బ్యాటరీ కొన దగ్గర ఫ్యూజు పెట్టండి. ఇంట్లోనే ఇంజిన్ నడుపుతూ, మీ వాళ్లెవరినైనా స్విచ్ నొక్కమని చెప్పి ఆగుతుందో లేదో చూసుకోండి.

ఎనిమిదో పని: ఛార్జర్, పరీక్ష

లిథియానికి లిథియం ఛార్జరే వాడండి. చాలా సీసం ఛార్జర్లలో సల్ఫేట్ కరిగించే దశ ఉంటుంది, అందులో వోల్టేజీ 15 దాటి లిథియం సెల్స్‌ను దెబ్బతీస్తుంది. వోల్టేజీ చూసి ఎంత మిగిలిందో చెప్పే అలవాటు కూడా మార్చుకోవాలి. సీసం బ్యాటరీ నిండితే 12.6-12.7, సగం ఖాళీ అయితే 12.2. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ నిండితే 13.3 దగ్గర నిలబడి, చివరిదాకా దాదాపు అక్కడే ఉండి, ఒక్కసారిగా కిందికి జారుతుంది. 12.6 చూసి నిండుగా ఉందనుకుంటే అది ఖాళీ అంచున ఉన్నట్టు. వారంలో ఒక్కరోజే కారు తీసే వాళ్లు ఆపినప్పుడల్లా కటాఫ్ స్విచ్ ఆపేయండి. బీఎండబ్ల్యూ వంటి కార్లలో బ్యాటరీ మార్చిన సంగతిని కారు కంప్యూటర్‌లో నమోదు చేయాలి, లేకపోతే పాత బ్యాటరీ లెక్కతోనే ఛార్జ్ చేస్తుంది.

స్ట్రిప్‌కు వెళ్లే ముందు ఇంట్లో ఒక సాయంత్రం కేటాయించండి. ఇంజిన్‌ను పూర్తిగా వేడెక్కించి ఆపండి. పది నిమిషాలు ఆగి స్టార్ట్ చేయండి, ఒక నిమిషం నడిపి ఆపండి. మధ్యలో ఛార్జర్ పెట్టకుండా ఇలా ఐదుసార్లు. ప్రతిసారీ ఇంజిన్ తిరిగేటప్పటి కనిష్ఠ వోల్టేజీ రాసుకోండి. ఐదోసారి కూడా 10కి పైన ఉంటే మీ ఎంపిక సరైనదే. మూడోసారికే 9.5కి పడితే ఒక సైజు పెద్దది తీసుకోండి. కిలోన్నర ఎక్కువైతే సమయంలో తేడా సెకనులో వెయ్యో వంతులు మూడో నాలుగో, అంతే.

పోర్షే పద్ధతి గురించి చెబుతానన్నాను కదా. కారును రోజూ వాడే వాళ్లు పాత బ్యాటరీని అమ్మేయకండి. రెండింటికీ అతికే పట్టీలు, కేబుల్ కొనలు చేయించుకుంటే మార్చడానికి పావుగంట చాలు. వారమంతా సీసం బ్యాటరీతో ఆఫీసుకు వెళ్లి, శనివారం పిట్‌లో తేలికది బిగించుకోవచ్చు. నా గ్యారేజీలో ఇప్పటికీ అలాగే జరుగుతోంది. తీసిన పాత బ్యాటరీ ఆ సాయంత్రం పిట్‌లో ఊరికే ఉండదు. రౌండ్ల మధ్య ఇంజిన్ చల్లబరచడానికి తెచ్చుకున్న విడి ఫ్యాన్‌ను అదే తిప్పుతుంది.